బరంపురం గాలికి నిలిచేలా కారు షెడ్డుకు తలుపులు

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వంటి ఊళ్ళలో ఇంటి పక్కన నాలుగు ఇనుప పైపులు పాతి, పైన రేకులు పరిచి, దాని కింద కారు నిలుపుకోవడం మామూలు. కొన్నాళ్ళు గడిచాక ఎండకూ, వీధి కుక్కలకూ, రాత్రిపూట వచ్చే అనుమానాస్పదులకూ విసిగి ఆ షెడ్డుకు తలుపులు పెట్టించాలనుకుంటాము. వెల్డరును పిలిచి, ఉన్న పైపులకే రెండు బందులు అతికించమని, రేకు తొడిగిన రెండు రెక్కలు వేలాడదీయమని చెబుతాము. మా ఇంట్లో నేను మొదట చేసిన పని కూడా ఇదే. ఆరు నెలలు తిరిగేసరికి రెండు రెక్కల ముక్కులు నేలను గీరుతూ వచ్చాయి, పైపులు రెండూ లోపలికి వంగాయి, గడియ ఎదురు రంధ్రంలో పడడం మానేసింది. తలుపు పని అంటే రెక్కల పని కాదని, స్తంభాల పనీ పైకప్పు పనీ అని నాకు అప్పుడు తెలిసింది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటి గురించే ఉండడానికి కారణం అదే.

మొదట గాలి లెక్క చూద్దాము, ఎందుకంటే మన జిల్లాల్లో దీన్ని వదిలేసి చేసిన ఇనుప పని ఏదీ ఎక్కువ కాలం నిలవదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 200 కిలోమీటర్లకు తగ్గని గాలి వీచింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గంజాం, గజపతి జిల్లాలను కూడా వదలలేదు. కట్టడాలపై గాలి భారాన్ని చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం, మనకు అటు ఉన్న భువనేశ్వర్‌కూ ఇటు ఉన్న విశాఖపట్నానికీ సెకనుకు 50 మీటర్ల మూల వేగాన్ని, అంటే గంటకు 180 కిలోమీటర్లను నిర్ణయించింది. వేగాన్ని వేగంతోనే గుణించి, వచ్చినదాన్ని 0.6తో హెచ్చిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. 50ని 50తో గుణించి 0.6తో హెచ్చిస్తే 1,500 న్యూటన్లు, అంటే చదరపు మీటరుకు సుమారు 153 కిలోల బలం. తొమ్మిది అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న ద్వారాన్ని మీటర్లలో 2.7కు 2.1గా తీసుకుంటే దాని వైశాల్యం 5.67 చదరపు మీటర్లు. మూసిన తలుపు మీద గాలి మోపే బరువు 870 కిలోలకు అటూ ఇటూగా తేలుతుంది. తలుపు లేనప్పుడు ఈ గాలి షెడ్డులో నుంచి దూసుకుపోయేది. తలుపు పెట్టిన రోజు నుంచి దాన్ని ఆపే బాధ్యత మీ స్తంభాలది.

షెడ్డుకు ఎన్ని వైపులు మూసి ఉన్నాయన్న దాన్నిబట్టి తలుపు రకం మారుతుంది. ఒక పక్క ఇంటి గోడ, ఇంకో పక్క ప్రహరీ, వెనుక కూడా గోడ ఉండి ముందు మాత్రమే తెరిచి ఉన్న షెడ్డు గాలికి సంచి వంటిది. లోపలికి దూరిన గాలి బయటికి పోలేక రేకును కింది నుంచి ఎత్తుతుంది, పైనుంచి పోయే గాలి అదే రేకును పైకి లాగుతుంది. అటువంటి షెడ్డుకు నిండు రేకు తలుపు మేలే చేస్తుంది, కానీ తుపాను మధ్యలో ఊడిపోకుండా నిలిచినప్పుడు మాత్రమే. సగంలో ఊడితే కప్పు కూడా దానితోపాటే పోతుంది. రెండు మూడు వైపులు తెరిచి ఉన్న షెడ్డుకైతే నిండు తలుపు అనవసరం. కింద నాలుగడుగుల వరకు రేకు, ఆ పైన కడ్డీల జాలీ పెట్టించుకుంటే కుక్కలూ మేకలూ రావు, దొంగకు దారి ఉండదు, గాలికి మాత్రం ఉంటుంది. నా ఓటు రెండోదానికే.

ఏ రకమైనా సరే, తలుపు పనికి ముందు కప్పును చూడాలి. రేకులను పట్టుకున్న జె-బోల్టులు తుప్పు పట్టాయా, కప్పు దూలాలు పైపుల మీద ఊరికే ఆనుకుని ఉన్నాయా లేక వెల్డింగుతో గానీ బోల్టులతో గానీ బిగించి ఉన్నాయా, పైపుల అడుగున ఉన్న కాంక్రీటు ముద్ద ఎంత లోతు పోయిందో ఒక పక్కన తవ్వి చూడాలి. పైపును భుజంతో నెట్టినప్పుడు అడుగున మట్టి కదిలితే, కప్పును సరిచేసుకునే వరకు తలుపు మాట ఎత్తకపోవడం మంచిది.

ఏ తలుపు, ఎటు తెరుచుకోవాలి

షాపులకు వేసే చుట్టుకునే షట్టర్ చూడడానికి సులువుగా కనబడుతుంది గానీ, దాని బరువంతా పైన ఉన్న చుట్ట మీద వేలాడుతుంది. పైపు స్తంభాల షెడ్డుకు అది భారం. చుట్ట పెట్టెకు పైన కనీసం అడుగుంపావు నుంచి అడుగున్నర చోటు కావాలి. పెద్ద గాలికి పలకలు మధ్యలో ఉబ్బి పక్క చానళ్ళలో నుంచి ఊడి వచ్చేస్తాయి. జరిగే తలుపు మంచిదే, కానీ ద్వారం ఎంత వెడల్పుంటే పక్కన అంత ఖాళీ గోడ ఉండాలి, పైగా నేలలోని పట్టాలో చేరే ఇసుకను వారానికొకసారి ఊడ్వాలి. ఇంటి షెడ్డుకు సాధారణంగా మిగిలేది బందుల మీద తిరిగే రెక్కల తలుపే.

అది బయటికి తెరుచుకుంటే తేలిక, కానీ రెక్క మీ స్థలం దాటి వీధి మీదికి గానీ కాలువ మీదికి గానీ రాకూడదు. మన పాత వీధుల వెడల్పు చూస్తే ఇది చాలామందికి కుదరదు. లోపలికి తెరవాలంటే కొలత పెట్టి చూసుకోవాలి. బొలేరో పొడవు 3,995 మిల్లీమీటర్లు, వెడల్పు 1,745, ఎత్తు 1,880. పదహారడుగుల లోతున్న షెడ్డులో, అంటే 4.88 మీటర్లలో, బండి వెనుక గోడకు దాదాపు తగిలేలా నిలిపినా ముందు మిగిలేది 88 సెంటీమీటర్లే. తొమ్మిదడుగుల ద్వారానికి రెండు రెక్కలంటే ఒక్కొక్కటి 1.35 మీటర్లు; అది మూసుకునే దారిలో బండి మూలకు తగలకుండా ఉండాలంటే 1.3 మీటర్లకు పైగా ఖాళీ కావాలి. కనుక పదహారడుగుల షెడ్డుకు ఒక్కో పక్క రెండేసి మడతలుగా నాలుగు రెక్కలు పెట్టాలి. ఒక్కో మడత 67 సెంటీమీటర్లే కాబట్టి ఆ 88లో సరిపోతుంది. పద్దెనిమిదడుగుల లోతున్న షెడ్డుకు రెండు రెక్కలు చాలు. స్విఫ్ట్ వంటి చిన్న బండి ఉన్నవారు కూడా వెడల్పు తగ్గించకండి. దాని వెడల్పు 1,735 మిల్లీమీటర్లు, బొలేరోకు ఒక సెంటీమీటరే తక్కువ. అద్దాలు విప్పితే ఏ బండికైనా రెండు పక్కలా మరో పదిహేనేసి సెంటీమీటర్లు కలుస్తాయి.

కొలత తీసేటప్పుడు వెడల్పును పైన, మధ్యన, కింద మూడుచోట్ల, ఎత్తును రెండు పక్కలా మధ్యనా తీసి, చివరికి కర్ణాలు రెండూ కొలవండి. 2.7కు 2.1 ద్వారానికి కర్ణం 3.42 మీటర్లు ఉండాలి. రెండు కర్ణాలకూ తేడా వచ్చిందంటే ద్వారం వంకరగా ఉంది. మనవారు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు, ఇక్కడి ఒడియా మిస్త్రీలు సుతా అంటారు. మాట వేరైనా రెండింటి అర్థం దారమే, కొలతా ఒకటే. మిస్త్రీ కబ్జా తెమ్మన్నాడని కంగారు పడకండి. మనకు ఆ మాట వినగానే భూమి ఆక్రమణ గుర్తుకొస్తుంది గానీ, అతను అడిగేది బందునే.

నేల వాలును చాలామంది మరిచిపోతారు. వాన నీరు బయటికి పోవడానికి షెడ్డు నేలను వీధి వైపు వాలుగా పోస్తారు. అంటే లోపలికి పోయేకొద్దీ నేల పైకి లేస్తుంది. అరవైకి ఒకటి వాలు ఉంటే 1.35 మీటర్ల రెక్క పూర్తిగా లోపలికి తిరిగేసరికి దాని కొన కింద నేల 22 మిల్లీమీటర్లు లేచి ఉంటుంది. అందుచేత లోపలికి తెరిచే రెక్క కింద 35 మిల్లీమీటర్ల సందు వదిలి, ఆ సందును రెక్క బయటి ముఖానికి బిగించిన రబ్బరు పట్టీతో మూయాలి. సందు వదిలేస్తే ఎలుకలకు దారి ఇచ్చినట్లే. వాటికి కారు వైర్ల మీద ఉన్న ప్రీతి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

స్తంభాలు, దూలం

రెక్కలను కప్పు మోసే పాత పైపులకు తగిలించకండి. ద్వారానికి రెండు పక్కలా కొత్త స్తంభాలు వేయండి. 75 మిల్లీమీటర్ల చదరపు పైపు, గోడ మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకంటే పలుచనిది వెల్డరు చూపిస్తే వద్దనండి. నేల పైన 2.2 మీటర్లు, నేలలో మూడడుగులు వచ్చేలా ముక్క కోయాలి. గొయ్యి అడుగున్నర చదరంగా, మూడడుగులకు మూడంగుళాలు ఎక్కువ లోతుగా తవ్వి, ఆ మూడంగుళాలలో కంకర కూరి, దాని మీద స్తంభాన్ని నిలబెట్టాలి. స్తంభం అడుగు భాగానికి అడ్డంగా రెండు ఇనుప కడ్డీ ముక్కలు వెల్డు చేస్తే కాంక్రీటులో నుంచి జారదు, తిరగదు. సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, 20 మిల్లీమీటర్ల కంకర మూడు పాళ్ళు చొప్పున కలిపిన కాంక్రీటు పోయాలి. రెండు గోతులకూ కలిపి 50 కిలోల బస్తాలు మూడు పడతాయి. కాంక్రీటు తలను నేల కంటే రెండంగుళాలు పైకి తెచ్చి, నీరు జారిపోయేలా నాలుగు పక్కలా వాలు తీయాలి. ఇనుమును తుప్పు ఎప్పుడూ మొదట తినేసేది నేలా గాలీ కలిసే ఆ రెండంగుళాల చోటే.

కాంక్రీటు పోసేటప్పుడు తూకపు గుండుతో రెండు వైపుల నుంచీ నిలువు చూడాలి, రసమట్టంతో రెండు స్తంభాల తలలు ఒకే ఎత్తున ఉన్నాయో లేదో చూడాలి, తాత్కాలికంగా కర్రలతో ఊతం కట్టాలి. ఏడు రోజులు గోనెలు తడిపి కప్పి, ఆ తరువాతే బరువు వేయాలి. శనివారం స్తంభాలు పాతి ఆదివారం రెక్కలు వేలాడదీస్తానన్న మిస్త్రీకి డబ్బులు సగమే ఇచ్చి ఆపండి.

స్తంభాల తలల మీదుగా అదే మందం ఉన్న పైపును దూలంగా వెల్డు చేయాలి. ఇది అందానికి పెట్టేది కాదు. రెండు రెక్కల తలుపు మూసి ఉన్నప్పుడు గాలి ఒక్కో రెక్క మీద 435 కిలోలు మోపుతుందనుకుంటే, అందులో సగం బందుల మీదకు, సగం రెక్కలు కలుసుకునే మధ్య అంచు మీదకు పోతాయి. రెండు రెక్కల సగాలు కలిసి మధ్యలో మళ్ళీ 435 కిలోలు అవుతాయి. ఆ బరువును పట్టేది పైన దూలంలోకి దూరే కడ్డీ, కింద నేలలోకి దూరే కడ్డీ, ఈ రెండే. దూలం లేకపోతే కింది కడ్డీ ఒక్కటే మిగులుతుంది, రెక్కల పై భాగం కాగితంలా మడుచుకుంటుంది. దూలం రెండు చివరలనూ వీలైతే ఇంటి గోడకు గానీ స్లాబుకు గానీ ఒక పట్టీతో, కాంక్రీటులో దిగే యాంకర్ బోల్టులతో బిగించండి. కప్పు దూలానికి తగిలిస్తే మాత్రం, ఆ కప్పు దృఢంగా ఉందని ముందే చూసుకుని ఉండాలి.

రెక్కలు

40 మిల్లీమీటర్ల చదరం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న పైపుతో చట్రం కట్టి, రెండు అడ్డ కమ్మీలు, ఒక మూల కమ్మీ వేయాలి. మూల కమ్మీ బందుల వైపు కింది మూల నుంచి బయలుదేరి రెక్క కొన వైపు పై మూలకు చేరాలి; అప్పుడు కొన బరువు ఆ కమ్మీ మీదుగా కింది బందులోకి దిగుతుంది. 1 మిల్లీమీటరు రేకు తొడిగితే ఒక్కో రెక్క బరువు యాభై కిలోలకు దగ్గరగా ఉంటుంది. ఈ బరువు రెక్క మధ్యలో, స్తంభానికి 67 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క కడితే, బందుల మధ్య దూరం 1.6 మీటర్లు ఉన్నప్పుడు పై బందును స్తంభం నుంచి పీకే బలం 21 కిలోలు. అదే దూరం 80 సెంటీమీటర్లు అయితే 42 కిలోలు. బందులను ఒకదానికొకటి ఎంత దూరంగా పెడితే అంత మంచిదన్నమాట. పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో ఒకటి పెట్టి, పై బందును తలకిందులుగా బిగిస్తే రెక్కను పైకెత్తి ఊడదీయడానికి దొంగకూ గాలికీ వీలుండదు.

వెల్డింగుకు పలుచని పైపు మీద 2.5 మిల్లీమీటర్ల రాడ్డు వాడాలి. లావు రాడ్డు పైపును కాల్చి రంధ్రాలు చేస్తుంది. ముందు నాలుగు మూలల్లోనూ చుక్కలు మాత్రమే వేసి, చట్రాన్ని చదునైన నేల మీద పరిచి కర్ణాలు కొలిచి, మూలమట్టం పెట్టి చూసి, ఆ తరువాతే పూర్తి వెల్డింగు చేయాలి. ఒకేచోట వరుసగా వేయకుండా ఎదురెదురు మూలల్లో మార్చి మార్చి వేస్తే చట్రం మెలి తిరగదు. జింకు పూత ఉన్న పైపును వెల్డు చేసేటప్పుడు అతుకుకు అటూ ఇటూ అంగుళం మేర పూతను గీసేయాలి, పని ఆరుబయటే జరగాలి. కాలిన జింకు పొగ పీల్చినవారికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. చట్రం కింది పైపు అడుగున రెండు మూడు చిన్న రంధ్రాలు వేయించండి. పైపులో చేరిన నీటికి పోయే దారి లేకపోతే లోపలి నుంచి తుప్పు తింటుంది, బయటికి కనబడేసరికి రెక్క పోతుంది.

వేలాడదీసే రోజు రెక్క కింద చెక్క ముక్కలు పెట్టి ఎత్తు సరిచేసి, స్తంభం పక్క రెండు నూళ్ళ సందు, మధ్యలో నాలుగు నూళ్ళ సందు వదిలి బందులకు చుక్కలు వేయండి. రెక్కను పదిసార్లు తిప్పి చూడండి. ఎక్కడ ఆపితే అక్కడే నిలిచి ఉంటే నిలువు సరిగా ఉంది. తనంతట తానే తెరుచుకున్నా మూసుకున్నా స్తంభం వాలింది, లేదా బందుల పిన్నులు ఒకే నిలువు గీతలో లేవు. పూర్తి వెల్డింగు దాని తరువాత.

గడియ కడ్డీలు 16 మిల్లీమీటర్ల గుండ్రటి ఇనుముతో ఉండాలి. కింది కడ్డీ దిగడానికి నేలలో ఊరికే రంధ్రం తొలిస్తే కాంక్రీటు పెచ్చు లేస్తుంది. ఆరంగుళాల పైపు ముక్కను ప్రత్యేకంగా చిన్న గొయ్యి తీసి కాంక్రీటులో పాతాలి. వీటికి తోడు, లోపలి వైపు రెండు స్తంభాలకూ ఒకటి, ఒక్కో రెక్కకూ ఒకటి చొప్పున యు ఆకారపు కొక్కేలు వెల్డు చేయించి, వాటిలో కూర్చునే 50 మిల్లీమీటర్ల చదరపు పైపును అడ్డుగడియగా కోయించి గోడ పక్కన దాచుకోండి. మామూలు రోజుల్లో దాని పని ఉండదు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు దాన్ని వేస్తే మధ్య అంచు మీది బరువులో కొంత నేరుగా స్తంభాలకు పోతుంది. తెరిచిన రెక్కలు గాలికి కొట్టుకోకుండా గోడకు కొక్కెం పెట్టించడం కూడా మరిచిపోకూడదు. చాలా కారు తలుపులకు సొట్టలు పడేది తుపానుకు కాదు, వైశాఖపు సాయంత్రం హఠాత్తుగా లేచే గాలికి.

రంగు, ఖర్చు, గాలి ఆడడం

బరంపురానికి గోపాల్‌పూర్ సముద్రం పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉంది, ఆ ఉప్పు గాలి మన ఇనుముకు పరీక్ష పెడుతుంది. వెల్డింగు మచ్చలను తీగ బ్రష్షుతో రుద్ది, వాటిపై జింకు పాలు ఎక్కువగా ఉన్న పెయింటు పూయాలి. జింకు పూత ఉన్న రేకుకు ఎర్ర ఆక్సైడు ప్రైమరు సరిగా అంటదు. జింకు మీద పట్టే ప్రైమరు అని అడిగి తీసుకుని, దానిపై ఎనామిల్ రెండు పూతలు వేయాలి. పని డిసెంబరుకూ మార్చికీ మధ్య పెట్టుకుంటే గాలిలో చెమ్మ తక్కువ, రంగు సరిగా ఆరుతుంది.

ధర మాట్లాడేటప్పుడు చదరపు అడుగుకు ఇంత అని కాకుండా కిలోకు ఇంత అని మాట్లాడండి, తూకం మీ ఎదుటే వేయించండి. పైన చెప్పిన కొలతలకు స్తంభాలు 55 కిలోలు, దూలం 25, రెక్కలు రెండూ కలిపి 100, బందులూ కడ్డీలతో మొత్తం 180 నుంచి 200 కిలోల ఇనుము పడుతుంది. ఎవరైనా 110 కిలోలలో ముగిస్తానంటే పలుచని పైపు వాడబోతున్నాడని అర్థం. ఇంటి ప్లానులో పార్కింగుగా చూపిన చోటును గదిగా మార్చినట్టు కనబడకూడదు కాబట్టి, పట్టణ పరిధిలో ఉన్నవారు పని మొదలుపెట్టే ముందే స్థానిక సంస్థ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

నిండు రేకు తలుపు పెట్టినవారు కింద అడుగు ఎత్తులోనూ పైన కప్పు దగ్గరా గాలి కంతలు తప్పక వదలాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పేరుకుంటుంది. ఇన్వర్టరు బ్యాటరీ చార్జయ్యేటప్పుడు వచ్చే హైడ్రోజన్ తేలిక, కప్పు కింద చేరుతుంది. రెండూ ఒకే షెడ్డులో ఉంచకపోవడం మేలు. తలుపులు మూసి ఇంజను నడపకండి, చలికాలం ఉదయం బండి వేడెక్కడానికైనా సరే. ఇంజను వదిలే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

ఏటా దసరాకు ముందు బందులకు గ్రీజు పెట్టి, యాంకర్ బోల్టులు బిగించి, అడ్డుగడియను ఒకసారి కొక్కేల్లో కూర్చోబెట్టి చూడండి. నేలలో పాతిన పైపు ముక్కలో వర్షాకాలమంతా బురద చేరి గట్టిపడి ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవరుతో తవ్వి తీస్తే గానీ కింది కడ్డీ ఆరంగుళాలూ దిగదు.